సమాన బరువు గల ఉత్తరం

లాకులపాలెంలో సైకిళ్ళు అద్దెకిచ్చే కోదండానికి నలభై దాటాక పెళ్ళి మీద మనసు పుట్టింది. అదైనా తీరుబడిగా పుట్టలేదు. ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు నేర్పే హైమవతి టీచరు తోటపేటకు బదిలీ అయి, కుట్టుమిషను బండి మీదకెక్కించుకుని బయల్దేరిన రోజున పుట్టింది. ఏళ్ళ తరబడి ఆవిడ సైకిలుకు గాలి కొట్టింది అతనే. గాలి నిండుగా ఉన్నప్పుడు కూడా ఆవిడ వారం వారం కొట్టు ముందు ఎందుకు ఆగేదో అతనికి ఎన్నడూ తట్టలేదు. బండి వీధి మలుపు తిరిగాక తట్టింది.

కోదండం నోరున్న మనిషి కాదు. అంచేత ఉత్తరం రాశాడు. తనకు కొట్టుందనీ, కొట్టు వెనక రెండు గదులున్నాయనీ, ఇష్టమైతే ఆ రెండు గదుల్లోకీ ఆవిడ రావచ్చనీ, కష్టమైతే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్యవచ్చనీ రాశాడు. హైమవతి పెళ్ళయిన కొత్తలోనే భర్తను పోగొట్టుకుని, తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి. జవాబు అంత తొందరగా రాదని అతనికి తెలుసు. కానీ ఎంతకీ రాలేదు. చివరికి సైకిలు సామాను కొనే వంకతో తోటపేట వెళ్ళి, బస్టాండులో ఆవిడ ఎదురుపడేదాకా నిలబడ్డాడు.

"జవాబు రాశానుగా?" అంది హైమవతి.

"అందలేదండి."

"నా చేత్తో నేనే డబ్బాలో వేశాను."

"అయినా అందలేదండి. ఏం రాశారో ఒక్క మాట చెబితే..."

హైమవతి చుట్టూ చూసింది. బస్సు కిటికీల్లోంచి ఊరు ఊరంతా చూస్తోంది. కోళ్ళ గంప పెట్టుకున్న ఒకావిడైతే సరిగ్గా వినబడడం కోసం కోడి ముక్కు మూసి పట్టుకుంది.

"ఆ ఉత్తరం ఎన్నిసార్లు రాసి చింపానో, చింపి రాశానో మీకు తెలీదు. ఆ మాట ఇక్కడ చెప్పమంటారా? పోనీ మళ్ళీ రాయమంటారా? మళ్ళీ రాస్తే ఈసారి ఏం రాస్తానో నాకే తెలీదండి. పోయిన ఉత్తరం ఎక్కడుందో పోస్టాఫీసు వాళ్ళని అడగండి," అని ఆవిడ బస్సెక్కేసింది.

అలా కోదండం పోస్టాఫీసుకి వెళ్ళాడు. వెళ్ళాల్సిన సమయం మాత్రం అది కాదు.

అంతకు కొన్నాళ్ళ ముందు లాకుల దగ్గర టపా సంచీ ఒకటి జారి కాలవలో పడింది. సంచీ దొరికింది గానీ కవర్ల మీది సిరా దొరకలేదు. ఆ వారం కాలవ నీళ్ళు తాగిన గేదెలన్నీ ఊళ్ళోవాళ్ళ చిరునామాలు తాగినట్టే లెక్క. కవర్లను అరుగు మీద ఎండబెట్టి చూస్తే అన్నీ తెల్లగా, అమాయకంగా ఉన్నాయి. లోపలి కాయితాలు మాత్రం చాలావరకు బాగానే ఉన్నట్టు చేతికి తెలుస్తోంది. పోస్టుమాస్టరు భుజంగరావు పాతకాలపు మనిషి. విప్పి చూసుకుంటే ఒక్క మధ్యాహ్నంలో ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యవచ్చు కదా అనుకుని, అలా చెయ్యడానికి అనుమతి కోరుతూ పైకి రాశాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. పైనుంచి అనుమతికి బదులు సూపరింటెండెంటు నిత్యానందం గారు జీపులో వచ్చారు.

నిత్యానందం గారు రాతలోనే కాక నోట్లో కూడా గ్రాంథికం వాడేవారు. ఇంట్లో కాఫీ కూడా ఇందుమూలముగానే అడుగుతారని చెప్పుకునేవారు.

"పరుల జాబు తెరచుట మహాపరాధము," అన్నారాయన అరుగు మీది కవర్లకేసి చూస్తూ. "జాబులోని విషయము రహస్యము. కానీ భుజంగరావు గారూ, జాబు యొక్క బరువు రహస్యమని ఎచ్చటనైన కలదా?"

"ఎక్కడా లేదండి," అన్నాడు భుజంగరావు.

"ఒక వైపున చిరునామాదారులు లేని జాబులు. మరొక వైపున జాబులు లేని చిరునామాదారులు. ఈ రెండు లోపములను ఒకదానితో నొకటి జతపరచినచో ఏమగును?"

భుజంగరావుకి పింఛను దగ్గర పడింది. అందుకని, "లోపం పోవునండి," అన్నాడు.

మర్నాటికల్లా 'సమభార ప్రత్యామ్నాయ బట్వాడా పథకము' అనే బోర్డు వేలాడింది. ఉత్తరం పోయినవారు పోయిన ఉత్తరం బరువు చెప్పాలి. అంతే బరువున్న ఉత్తరాన్ని కుప్పలోంచి తీసి, 'సర్వవిధముల అసలుకు సమానము' అని ఊదారంగు ముద్ర కొట్టి, శాఖ వారు చేతికిస్తారు. పుచ్చుకున్నవారు తృప్తి చెందినట్టు సంతకం పెడతారు.

"మీ ఉత్తరం బరువెంత ఉంటుందంటారు?" అని భుజంగరావు కోదండాన్ని అడిగాడు.

"నేను చూడలేదు కదండీ."

"దేని గురించి?"

కోదండం చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీదకు వంగి, మెల్లిగా విషయం చెప్పాడు. భుజంగరావు మొహం ఒక్కసారిగా విప్పారింది.

"అలాగా! అయితే చూడండి, ఔనన్న ఉత్తరం తేలిగ్గా ఉంటుంది. కాదన్న ఉత్తరమే బరువు. కాదంటే కారణాలు రాయాలి, మన్నించమనాలి, మీకు అన్నివిధాలా తగిన సంబంధం దొరకాలని దేవుణ్ణి వేడుకోవాలి. వీటికి రెండు కాయితాలు తక్కువ పట్టవు. ఏం రాసుకోమంటారు?"

"తేలికే రాసుకోండి," అన్నాడు కోదండం ఆశగా. తర్వాత నిజాయితీ అడ్డొచ్చి, "చాలాసార్లు చింపి రాశానన్నారండి," అని కలిపాడు.

"అయితే మధ్యరకం," అని భుజంగరావు త్రాసు అందుకున్నాడు.

చేతికొచ్చిన ఉత్తరాన్ని కోదండం గుమ్మం దగ్గర నిలబడి విప్పాడు. పేరూ ఊరూ ఉన్న పైభాగం నీళ్ళకి కరిగిపోయింది. కింద ఇలా ఉంది: "మీరు అడిగిన విషయం మాకు పరమ సమ్మతం. వయసు కాస్త ముదిరిన మాట నిజమేగానీ ఓపిక తగ్గలేదు. నెమ్మదైనది, తన్నదు. ముందు ఒకసారి వచ్చి పళ్ళు చూసుకోండి. పలుపుతాడు మీరే తెచ్చుకోవాలి."

కోదండం మొదటి వాక్యం దగ్గర గాల్లోకి లేచి, చివరి వాక్యం దగ్గర నేల మీద పడ్డాడు. లోపలికి పరిగెత్తాడు. కుర్చీలో నిత్యానందం గారు కూర్చుని ఉన్నారు.

"ఇది నాది కాదండి! ఇందులో పళ్ళు చూసుకోమని..."

నిత్యానందం గారు రెండు చెవులూ మూసుకున్నారు. "విషయమును పలుకరాదు! విషయము రహస్యము! ఒక్కటే ప్రశ్న. బరువు సరిపోయినదా, లేదా?"

"బరువుదేముందండి, సరిపోయింది."

"మరి జాబు మీదే. సంతకము చేయుడు."

వెనక లైను తోసుకొస్తోంది. కోదండం సంతకం చేశాడు. ఇంటికి తెచ్చుకుని ఆ ఉత్తరాన్ని పారెయ్యలేకపోయాడు. అది గేదె గురించేనని తెలుసు. అయినా పొద్దున్నే కొట్టు తెరిచాక ఒకసారి తీసి మొదటి వాక్యం వరకు చదువుకునేవాడు. 'పరమ సమ్మతం' దగ్గర ఆపి, మడిచి, గళ్ళాపెట్టెలో పెట్టేవాడు. దాన్ని నమ్ముకుని తోటపేట వెళ్ళడానికి మాత్రం మనసొప్పలేదు. ఎంత లేదన్నా గేదె మాట మీద ఆడమనిషి గుమ్మం తొక్కడం మర్యాద కాదు.

ఈలోగా పథకం ఊళ్ళో వేళ్ళూనుకుంది. కాఫీ హోటలు పట్టాభికి 'మీ తండ్రిగారు కాలం చేశారు' అని ఉత్తరం వచ్చింది. తండ్రి గళ్ళాపెట్టె దగ్గరే కూర్చుని చిల్లర ఇస్తున్నాడు. కానీ ఊదారంగు ముద్ర ఉంది. అసలుకు సర్వవిధముల సమానమైనదాన్ని కాదని అశుభం నెత్తికెత్తుకోవడం ఎందుకని పట్టాభి కర్మకాండ జరిపించాడు. తండ్రి కూడా పంక్తిలో కూర్చుని, గారెలు బాగా కుదిరాయనీ, పోయినాయన అదృష్టవంతుడనీ మెచ్చుకున్నాడు. ఎవరూ లేని అప్పలనరసమ్మకి 'అక్కయ్యకు నమస్కారములు' అంటూ ఒక ఉత్తరం దొరికింది. ఆవిడ ఆ ముక్క పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తమ్ముడు రాశాడని చూపించింది.

అక్కడినుంచి అసలు గొడవ మొదలైంది. ఉత్తరం అంటూ ఎరగని వాళ్ళంతా తమ ఉత్తరం పోయిందని వచ్చి లైన్లో నిలబడ్డారు. బరువైన ఉత్తరాలకు గిరాకీ పెరిగింది. కాలవలో పడ్డ సంచీ ఎన్నాళ్ళకని సరిపోతుంది? కుప్ప కరిగిపోయింది.

"చిరునామా లేని జాబులు చాలడం లేదండి," అని భుజంగరావు మొరపెట్టుకున్నాడు. "వచ్చే ఉత్తరాలన్నిటికీ చిరునామాలు ఉంటున్నాయి."

"అదియే లోపము," అన్నారు నిత్యానందం గారు.

మర్నాడు పోస్టాఫీసు వెనక వసారాలో ఒక పెద్ద గంగాళం వెలిసింది. వచ్చిన సంచీని వచ్చినట్టు అందులో ముంచి, పిండి, ఆరేసి, ఆపైన బరువు చూసి పంచడం మొదలైంది. అప్పటినుంచి లాకులపాలెంలో ఒక్క ఉత్తరమైనా పోలేదు. ఎవరిదీ కాని ఉత్తరం పోవడం అనేది ఎలా జరుగుతుంది? ఈ సంగతి పైకి తెలిసి, ఊరిని 'నష్టరహిత తపాలా పట్టణము'గా ప్రకటించాలని తీర్మానించారు. పందిరి వేశారు. మైకు తెప్పించారు.

ఆ సభ నాటి పొద్దున కోదండం ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి కన్నం వెతుకుతున్నాడు. తోటపేట బస్సు ఆగింది. హైమవతి దిగింది. ఆవిడ వెనకాలే, పట్టు కండువా వేసుకుని, చంకలో అరటిపళ్ళ అత్తం పెట్టుకుని, సత్తిరాజు దిగాడు. సత్తిరాజుది ఈ ఊరే. ఏడో ఎనిమిదో మనవలున్న మనిషి, భార్య పోయి చాలా కాలమైంది. గేదెల్ని కొనడం, అమ్మడం ఆయన పని.

"నా ఉత్తరం అందిందని సంతకం పెట్టారట?" అని హైమవతి ఒక కార్డు అతని ముందు పెట్టింది. శాఖ వారు వేసిన కార్డు అది. కోదండం ఫారంలో 'పంపినవారి పేరు' అన్న చోట ఆవిడ పేరే రాశాడు మరి. 'తమ జాబు చిరునామాదారునకు చేరినది. వారు చదివి పూర్ణసంతృప్తి వెలిబుచ్చినారు' అని ఉంది. "చదివి, తృప్తిపడి, ఊరుకున్నారన్నమాట. మీరు రాకపోతే మానె. ఈయన వచ్చారు!"

"ఆయ్, కోపం చేసుకోకండి," అన్నాడు సత్తిరాజు నొచ్చుకుంటూ. "నాకు రావాల్సిన ఉత్తరం పోయిందంటే ఈ ఉత్తరం ఇచ్చారండి. కింద టీచరుగారి పేరుంది. గవర్నమెంటోరు ముద్దరేసి ఇచ్చాక మనం కాదంటే బాగుంటదాండి? ఎల్లాను. తీరా చూత్తే టీచరుగారు తలుపేసుకున్నారు."

కోదండం చేతిలో ట్యూబు జారిపోయింది. అతను చూస్తున్నది హైమవతిని కాదు, సత్తిరాజు చంకలోని అరటిపళ్ళను. కాదన్న ఉత్తరం పట్టుకుని ఎవడూ పట్టు కండువా వేసుకుని అరటిపళ్ళతో వెళ్ళడు. అంటే... అతని గుండె ఒక్కసారిగా ఎగిరింది. ఆ వెంటనే హైమవతి మొహం చూసి కిందికి దిగింది. మళ్ళీ రాస్తే ఏం రాస్తానో తెలీదన్న మనిషి మొహం అది.

"మరి మీకేం వచ్చింది?" అంది ఆవిడ.

కోదండం గళ్ళాపెట్టె తెరిచి ఉత్తరం ఇచ్చాడు. ఆవిడ చదివింది. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి కనుబొమలు పైకి లేచాయి. "ఇది నేను రాశాననుకున్నారా?"

"అనుకోలేదండి. మొదటి మాట మాత్రం మీరు రాసుంటే బాగుండుననుకున్నాను. రోజూ అక్కడివరకే చదువుకున్నాను."

ఆ కాయితం మడతలు అరిగిపోయి ఉండడం హైమవతి చూసింది. సత్తిరాజు మెడ చాచి కాయితంలోకి చూసి, "ఓలమ్మో, ఇది మా ఎలమంచిలోళ్ళ గేదండి! దీనికోసమే కదా నేను ఫిర్యాదు పెట్టింది!" అని కేకేశాడు.

మార్చేసుకుంటే పోయేది. కానీ సత్తిరాజు చట్టానికి భయపడే మనిషి. ముద్ర వేసిన ఉత్తరం అధికారి ముందు తప్ప చేతులు మారకూడదన్నాడు. ముగ్గురూ పందిట్లోకి వెళ్ళారు. నిత్యానందం గారు మైకు ముందున్నారు. సంగతి విని, మైకులోనే జవాబిచ్చారు.

"బట్వాడా చేయుటకు అధికారము శాఖకు మాత్రమే కలదు. మీరు పరస్పరము మార్చుకొనుట అక్రమ బట్వాడా అగును. కావలసినచో ఉభయులును తమ జాబులను వాపసు చేయవచ్చును. వానిని గంగాళమున ముంచి, ఆరబెట్టి, తూచి, మధ్యరకమునకు వేచియున్నవారికి వరుసక్రమమున పంచెదము."

మధ్యరకం లైను పందిరి దాటి వీధిలోకి ఉంది. అందులో పట్టాభి, ఈసారి కాస్త శుభవార్త దొరుకుతుందేమోనని ముందే నిలబడి ఉన్నాడు.

"నేను రాసిన ఉత్తరం నాది కాదా?" అంది హైమవతి.

"అమ్మా, డబ్బా నోటి వరకే అది తమది. లోన పడిన మరుక్షణమున శాఖది. సంతకమైన పిదప చిరునామాదారునిది. ప్రస్తుతము సత్తిరాజు గారిది."

"అందులో ఉన్న నా మనసు కూడానా?"

నిత్యానందం గారు నిజంగానే ఆలోచించారు. "దాని బరువెంతమ్మా?"

హైమవతి వేదిక మెట్లెక్కింది. మైకుకి ఎదురుగా కాదు, కోదండానికి ఎదురుగా నిలబడింది. కానీ మైకు పక్కనే ఉండడం వల్ల మాట లాకుల దాకా వినిపించింది.

"కోదండం గారూ, నాకిష్టమే. ఉద్యోగం మాననండి. సెలవులకి మా అన్నయ్య పిల్లలు వస్తారు, వాళ్ళు అల్లరి చేస్తారు, ఓర్చుకోవాలి. ఇంకా చాలా రాశాను. మిగతాది ఇంతమందిలో చెప్పను."

కోదండం తల ఊపాడు. మళ్ళీ తల ఊపాడు.

"శాఖా ప్రాంగణమున మౌఖిక బట్వాడా నిషిద్ధము!" అని నిత్యానందం గారు లేచారు. "భుజంగరావు గారూ! తూచకుండ, ముద్ర లేకుండ ఒక సమాచారము చేరినది! వెంటనే క్రమబద్ధము చేయుడు!"

భుజంగరావు త్రాసు తెచ్చాడు. ఆవిడ చెప్పిన మాటను ఎక్కడ పెట్టాలో తెలియక ఖాళీ తక్కెడ పైకెత్తి చూశాడు. ముల్లు కదలలేదు. "బరువు సున్న అండి. సున్న బరువు ఉత్తరం పోయిందని ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు. కాబట్టి వేరే హక్కుదారులు లేరు," అని మైకులో చదివినట్టు చెప్పి, తేదీ ముద్ర సిరాలో అద్ది, కోదండం అరచేతిలో గట్టిగా కొట్టాడు. ఉద్యోగంలో చేరాక ఆయన ఆఫీసులో నవ్వడం అదే మొదటిసారి. జనం ఈలలు వేశారు. నిత్యానందం గారు ఆ ఈలలు పథకానికే అనుకుని వినయంగా నమస్కరించారు.

ఆయనకి ప్రమోషను వచ్చింది. బస్సుల శాఖకు వేశారు. దారి తప్పిన ప్రయాణికుల్ని సమాన దూరంలో ఉన్న వేరే ఊరికి చేర్చే పథకం మీద ఆయన పనిచేస్తున్నారని తర్వాత తెలిసింది. గంగాళాన్ని భుజంగరావు ఆయన జీపు మలుపు తిరగగానే వంటవాళ్ళకి అద్దెకిచ్చేశాడు.

పెళ్ళయిన కొన్నాళ్ళకి సత్తిరాజు కొట్టు ముందు ఆగాడు. గేదె బాగా పాలిస్తోందన్నాడు. కాసేపు సైకిలు బెల్లు మోగించాడు. ఆ తర్వాత జేబులోంచి హైమవతి ఉత్తరం తీశాడు.

"ఇచ్చేద్దారని వచ్చానండి. మీదేగా మరి." ఇస్తూ ఇస్తూ చెయ్యి వెనక్కి తీశాడు. "పోయిన మా ఇంటిదానికి అచ్చరం ముక్క వచ్చేది కాదండి. నన్నెవరూ ఇలాగ 'మీరు' అని, ఇంత బాగా... ఇలాగ రాసినోళ్ళు లేరండి. నాక్కాదని తెలుసు. అయినా రేత్తిరి అన్నం తిన్నాక ఓసారి చదూకుంటాను."

కోదండం చాచిన చెయ్యి అలాగే ఉంది. లోపల హైమవతి మిషను ఆగింది.

"ఉంచుకోండి బాబాయిగారూ," అంది.

సత్తిరాజు కాయితాన్ని జాగ్రత్తగా మడిచి, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. కోదండం ఆయన వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే అందులో ఏం రాశావో నాకు ఎప్పటికీ తెలీదన్నమాట," అన్నాడు.

"అడిగితే చెబుతాను," అంది హైమవతి.

ఇంకా ఎండ ఉండగానే ఆ పూట కోదండం కొట్టు కట్టేశాడు.